మందు పెట్టిన చెట్టును అడగకూడదన్న మనిషి

మా పెదనాన్న పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను తోటలో డ్రమ్ము దగ్గర నిలబడి కర్రతో మందు కలుపుతున్నాను. పూత మీద తేనెమంచు పురుగు పడింది. ఆకులన్నీ జిగటగా, మసి పూసినట్టు నల్లబడుతున్నాయి. మా ముఠాలో మనిషి ఒకతను సైకిలు మీద వచ్చి, దిగకుండానే ఒక కాలు గట్టుకి ఆన్చి, "పిల్లా, కర్ర వదిలెయ్. మీ పెదనాన్న అయిపోయాడు" అన్నాడు.

నేను కర్ర వదల్లేదు. ఆ పొడి మందు కలపడం సగంలో ఆపితే అడుక్కి దిగి గడ్డకడుతుంది. ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే. కలిపి, మూతపెట్టి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాను. అదీ ఆయన నేర్పిందే. అప్పుడు బయల్దేరాను.

తోట ఆసామి గేటు దగ్గర ఎదురొచ్చాడు. కబురు ఆయనకీ అందింది.

"అయ్యయ్యో, మంచి పనోడమ్మా. సరిగ్గా పూత మీద పోయాడు చూడు. ఇప్పుడీ మందెవరు కొట్టిస్తారు?"

"మీరే కొట్టించుకోండి."

"కోపమెందుకే? ఉన్నమాటే అన్నానుగా. దహనం అయ్యాక వస్తావా మరి?"

రాను అని చెప్పి నడిచాను. పోయిన మనిషి గురించి రాయమంటే అందరూ మెత్తగా రాస్తారు. నాకు మెత్తగా రాయడం రాదు. ఆయన నన్ను పెంచాడు. అమ్మా నాన్నా పోయాక ఆయనింట్లోనే, ఆయన కంచం పక్కనే నా కంచం. ఆయన రుణం తీర్చుకోవాలంటే జరిగింది జరిగినట్టు చెప్పడం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.

నూజివీడు చుట్టుపక్కల తోటల్లో ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. కాయకోత ముఠాకి మేస్త్రి. నిచ్చెన మీద నిలబడి చిక్కం చాపితే, కాయ తొడిమతో సహా వలలోకి జారేది. సొన ఒక్క చుక్క కాయ మీద పడేది కాదు. "కాయ నీ చేతిలోకి రావాలి. నువ్వు లాక్కుంటే అది దొంగసొత్తు" అనేవాడు. కొత్తవాళ్ళు హడావుడి చేస్తే, "తొందరుంటే బస్సెక్కరా, చెట్టెందుకు ఎక్కావు?" అని కింద నుంచి కేకేసేవాడు. ఎక్కినవాడు నవ్వాపుకోలేక కొమ్మని కావలించుకునేవాడు.

కానీ మైలవరం నుంచీ చింతలపూడి నుంచీ మనుషులొచ్చి ఆయన్ని పిలుచుకెళ్ళేది కోతకి కాదు. కాండం తొలిచే పురుగు కోసం. మామిడి చెట్టుకి ఆ పురుగు పడితే పైకేమీ తెలియదు. ఆకులు పచ్చగానే ఉంటాయి. మొదట్లో కాస్త రంపపు పొట్టు లాంటిది రాలుతుంది, అంతే. ఏడాది తిరిగేసరికి పెద్ద కొమ్మ ఒకటి నిలువునా ఎండిపోతుంది. ఆయన ఆ పొట్టు వేలికి అద్దుకుని వాసన చూసేవాడు. వేలి కణుపుతో కాండం మీద కొట్టి, చెవి ఆన్చి వినేవాడు. "కన్నమున్నచోట పురుగుండదు పిల్లా. అది పైకి పోయి కూర్చుంటుంది. కన్నం మనకి చూపించే మొహం, అంతే" అనేవాడు. తర్వాత సైకిలు చువ్వతో కన్నం శుభ్రం చేసి, మందులో ముంచిన దూది లోపలికంటా కూరి, బంకమట్టితో మూసేసేవాడు. మందు ఇంకెక్కడికీ పోదు. పురుగున్న దారిలోకే పోతుంది. చెట్టంతా తడపక్కర్లేదు, పక్క చెట్టుకి తగలదు. ఆ పనంటే ఆయనకి ఎంత గర్వమో.

మూశాక కాండం మీద సున్నం బొట్టు పెట్టేవాడు. ఇక ఆ చెట్టు జోలికి ఎవరూ పోకూడదు. మా ముఠాలో ఇది ఆయన తండ్రి నాటి కట్టడి. బొట్టు పెట్టిన చెట్టు ముందు నిలబడి తగ్గిందా, బతుకుతుందా అనకూడదు. మట్టి గిల్లి చూడకూడదు. కొత్త చిగురు వేసేదాకా నోరెత్తకూడదు. ఆసాములు కూడా ఆ కట్టడి పాటించేవాళ్ళు. నాలుగు రోజులకి మట్టి పక్కనుంచి నల్లటి తడి పొట్టు కారేది. అది చూస్తే ఆయన మొహం వెలిగిపోయేది. "చచ్చింది. కుళ్ళు బయటికొస్తోంది" అని, అక్కడికక్కడే చెవి మీద బీడీ తీసి ముట్టించేవాడు. మందు చేతులతో మాత్రం ఎప్పుడూ ముట్టించలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మండలాలు వచ్చిన ఏడాది, కోతలప్పుడు, ఆయన అన్నం దగ్గర ఆగిపోవడం మొదలైంది. రెండు ముద్దలు తిని, కంచం పక్కకి జరిపి, గుండెల మీద చెయ్యి వేసుకునేవాడు.

"ఏవయ్యా, కూర బాలేదా?" అనేది మా దొడ్డమ్మ, ఆయన భార్య.

"బానే ఉందే. మెతుకు ఇక్కడ నిలబడిపోతోంది. దిగనంటోంది."

"నాలుగు నీళ్ళు తాగు."

"నీళ్ళూ నిలబడుతున్నాయి."

ఊళ్ళో ఆరెంపీ గ్యాసన్నాడు, మాత్రలిచ్చాడు. ఆయనకి మాంసం కూర వాసన పడకుండా పోయింది. తర్వాత టీ. చివరికి మామిడిపండు. రసం కాయ చేతిలో పట్టుకుని నలిపి, తొడిమ దగ్గర కొరికి, ఒక్క చుక్క నాలిక మీద పడగానే మొహం చిట్లించి దొడ్డమ్మ చేతికిచ్చేశాడు. మామిడికాయ వద్దన్న మా పెదనాన్నని నేనెప్పుడూ చూళ్ళేదు. దొడ్డమ్మ ఆ కాయ తినలేదు. గేదెకి వేసేసింది. గేదె తింటుంటే అక్కడే నిలబడి చూసింది. కోతలయ్యేసరికి ఆయన చొక్కా వేరొకరిది తొడుక్కున్నట్టు వేలాడింది.

బెజవాడ తీసుకెళ్ళాం. నోట్లోంచి గొట్టం వేసి చూశారు, స్కానింగు తీశారు. అక్కడి డాక్టరు పెద్దవయసాయన, నన్ను పక్కకి పిలిచాడు. "జీర్ణాశయంలో కాన్సరమ్మా. అక్కడాగలేదు. కాలేయానికి పాకింది. కోసి తియ్యడం కుదరదు."

"కాలేయమంటే?"

"కార్జం."

తలుపు దగ్గర పెదనాన్న నిలబడి ఉన్నాడు. మేం చూసుకోలేదు. "కన్నం ఒకచోట, పురుగొకచోట అన్నమాట" అన్నాడు. డాక్టరుకి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

మద్రాసులో కొత్త వైద్యం చేస్తున్నారని ఆ బెజవాడ డాక్టరే చెప్పి పంపించాడు. ముగ్గురం రైలెక్కాం. ఆ పెద్దాసుపత్రిలో మమ్మల్ని చూసిన డాక్టరు కుర్రాడు, తెలుగువాడే. ఓపికమంతుడు. పెదనాన్న మంచం మీద కూర్చుని మరీ చెప్పాడు.

"చూడండి, మామూలుగా ఈ మందు చేతి నరానికి ఎక్కిస్తాం. ఒళ్ళంతా తిరుగుతుంది, కాలేయానికి కొంచెమే అందుతుంది. ఇప్పుడు అలా కాదు. మీ తొడ మొదట్లో రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైకి పంపిస్తాం. కాలేయానికి రక్తం తీసుకెళ్ళే నాళం దగ్గర ఆపుతాం. మందు నేరుగా అక్కడికే పోతుంది."

పెదనాన్న నిటారుగా కూర్చున్నాడు. అన్ని నెలల్లో ఆ కళ్ళలో వెలుతురు చూడలేదు నేను.

"పురుగున్న దారిలోకే మందు. అంతేనాండి?"

"పురుగా?"

పెదనాన్న చెప్పాడు. చువ్వ, దూది, బంకమట్టి, సున్నం బొట్టు అన్నీ. చేతులు గాలిలో కాండం చుట్టూ తిప్పుతూ చెప్పాడు. పక్క మంచాలవాళ్ళు కూడా అటు తిరిగి విన్నారు. డాక్టరు కూడా నవ్వుతూ విన్నాడు. రోజూ భయపడ్డ మొహాలే చూసే మనిషికి, ఎదురుగా ఒకడు సంతోషంగా కనిపిస్తే ఎందుకు బాగోదు?

"అవునండీ. అలాంటిదే" అన్నాడు.

అలాంటిదే. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో తొలుస్తోంది. ఆ డాక్టరు చెడ్డవాడై ఉంటే నా కోపానికి ఒక చిరునామా ఉండేది. అబద్ధం చెప్పలేదు, కసురుకోలేదు, నమస్కారానికి నమస్కారం పెట్టాడు. చెట్టుకీ మనిషికీ పోలిక ఎక్కడిదాకా నడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పలేదు, అంతే. మందు పోయేది కార్జానికేననీ, పొట్టలో పుట్టిన పుండు పొట్టలోనే ఉంటుందనీ, అందులోంచి ఎప్పుడైనా రక్తం కారవచ్చనీ చెప్పలేదు. అడగడానికి మాకు తెలిసి ఉంటే కదా.

మర్నాడు ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్ళారు. మత్తివ్వలేదు, మెలకువగానే ఉన్నాడు. బయటికొచ్చాక మొహం పాలిపోయింది, కాలు కదపకూడదన్నారు. అయినా నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"పిల్లా, టీవీలో చూపించారే. ఏదో రంగు మందు వదిలారు, లోపల చెట్టు కనిపించింది. కాండం, కొమ్మలు, రెమ్మలు, చివర్న ఈనెలంత సన్నటివి. నా లోపల అంత చెట్టుందని నాకేం తెలుసే?"

"ఊరుకో, మాట్లాడకు" అంది దొడ్డమ్మ.

"ఊరుకోడమేంటే? ఆ డాక్టరబ్బాయి చువ్వ తోసినట్టే తోశాడు. వాడు మన ముఠాలో పుట్టాల్సినోడు."

గొట్టం కొన్నాళ్ళు అలాగే ఉంచారు. సీసాలో మందు బొట్టు బొట్టుగా దిగేది. వాంతులయ్యాయి, నోరు పూసింది, జుట్టు దిండుకి అంటుకునేది. ఆయన సణగలేదు. మందు బలంగా ఉంటేనే పురుగు చస్తుందనేవాడు. కణుపుతో పొట్ట మీద తడుతూ తల వంచి వినేవాడు. నర్సులు చూసి నవ్వుకునేవాళ్ళు.

పంపించేటప్పుడు డాక్టరు చెప్పాడు, "నెలాగి రండి. రెండో విడత ఇస్తే ఇంకా గుణం కనిపించొచ్చు. ఈ రెండో విడత ముఖ్యం. ఈలోపు ఏదన్నా తేడా ఉంటే వెంటనే వచ్చెయ్యండి."

"తేడా ఏముంటదండీ?" అన్నాడు పెదనాన్న ధీమాగా.

ఆయన బతుకంతా ఇక ఆ రెండో విడత మీదే ఉంది. పూర్తిగా నయమవుతుందని ఎవరూ అనలేదు. కాని ఒకటో రెండో కాపులు చూసే అవకాశమైతే ఉందని దొడ్డమ్మతో అన్నారు. రెండు కాపులు. మీకు చిన్నగా అనిపించొచ్చు. మా ఇంట్లో ఆ మాటకి పొయ్యి వెలిగింది.

ఇంటికొచ్చిన రోజు ఊరంతా వాకిట్లోకి వచ్చింది. ఆయన నులక మంచం మీద కూర్చుని, దొడ్డమ్మ తమలపాకుల డబ్బాలోంచి కాస్త సున్నం వేలికి తీసుకుని, చొక్కా ఎత్తి, పొట్ట మీద బొట్టు పెట్టుకున్నాడు. ముఠావాళ్ళు పగలబడి నవ్వారు.

"మేస్త్రికి మందు పెట్టారురోయ్. ఇంక ఎవరూ అడక్కండి" అని ఒకడు కేకేశాడు.

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ రోజు నుంచి ఎవ్వరూ అడగలేదు. అరుగు మీద కూర్చునేవాళ్ళు, వానల గురించి, ఎడ్ల గురించి, రేడియోలో విన్నదాని గురించి మాట్లాడి లేచి వెళ్ళేవాళ్ళు. ఎలా ఉందని అన్నవాడు లేడు. దొడ్డమ్మ అడగలేదు. నేనూ అడగలేదు, అడిగితే చెడుతుందన్న భయం మా ఒంట్లో ఉంది. సున్నం బొట్టు స్నానంతో పోయింది. కట్టడి పోలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. మంచి జరుగుతున్నప్పుడు ఉండే నిశ్శబ్దం అనుకున్నాం దాన్ని.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న ఆయన చెరుకుతోట వైపు నుంచి చెంబు పట్టుకుని చకచకా నడిచొచ్చాడు. అలా నడవడం చూసి చాలా రోజులైంది.

"ఏమే, బెల్లం పెట్టి పొంగలి చెయ్యవే" అన్నాడు దొడ్డమ్మతో.

"ఏంటయ్యా విశేషం?"

ఆయన నా వంక చూశాడు. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, ఆపుకోలేక చెప్పేశాడు. "నల్లగా పడుతోందే. తారులాగ. మెరుస్తూ. చచ్చింది పిల్లా. లోపలి కుళ్ళు కిందకొస్తోంది."

దొడ్డమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను బెల్లం దంచాను. ముగ్గురం పొంగలి తిన్నాం. ఆయన మూడు ముద్దలు తిన్నాడు, మూడూ దిగాయి.  మా ఇంట్లో రక్తం పోతుంటే మేం పొంగలి వండుకున్నాం.

డాక్టరు చెప్పిన తేడా అంటే మాకు నొప్పి, జ్వరం, వాపు. అవేవీ లేవు. ఇది గుణం. ఆయన కళ్ళెదుట వందల చెట్లు ఇలాగే కోలుకున్నాయి. గుణం కనిపిస్తే డాక్టరు దగ్గరికి ఎవరు పరిగెడతారు?

తర్వాత మొహం తెల్లబడటం మొదలైంది. మెట్టు ఎక్కితే ఆయాసం. పెదాలు సున్నం తిన్నట్టు. కుళ్ళు పోయాక చెట్టు కూడా కొన్నాళ్ళు నీరసంగానే ఉంటుందన్నాడు ఆయన. ఒకరోజు ఉంగుటూరు నుంచి వచ్చిన రైతు బతిమాలితే, వద్దంటున్నా వినకుండా అతని తోటకి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. కాండానికి చెవి ఆన్చి వింటున్నాడు. వింటూ వింటూ అలాగే కిందికి జారిపోయాడు. బెరడు గీరుకుని చెంప నెత్తురు చిమ్మాలి కదా. చిమ్మలేదు. పలచటి గులాబీ నీళ్ళలాంటిది ఊరింది.

ఆ రైతు ట్రాక్టరులోనే రోడ్డు దాకా, అక్కణ్ణుంచి కారులో బెజవాడ. ఆ పెద్దవయసు డాక్టరే చూశాడు. కనురెప్ప కిందకి లాగి చూశాడు.

"విరేచనం నల్లగా అవుతోందా?"

"అవుతోందండీ" అన్నాడు పెదనాన్న.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మందు పనిచేసిన దగ్గర్నుంచీ."

డాక్టరు చెయ్యి ఆ కనురెప్ప మీదే ఆగిపోయింది. ఆయన నా వైపు తిరిగాడు. నేను పొంగలి సంగతి కూడా చెప్పాను. విని కుర్చీలో కూలబడ్డాడు. "అది రక్తమమ్మా. పొట్టలో పుండు కారుతోంది. కడుపులో కారిన రక్తం కిందికొచ్చేసరికి నల్లబడుతుంది. మొదటి రోజే వస్తే ఎక్కించాల్సిన రక్తం ఎక్కించి, ఆపే ప్రయత్నం చేసి, మద్రాసు పంపేవాణ్ణి."

రక్తం ఎక్కించారు. మళ్ళీ స్కానింగు తీశారు. ఇది వినండి. కార్జంలో మచ్చలు తగ్గాయి. మద్రాసులో పెట్టిన మందు పెట్టిన చోట నిజంగానే పనిచేసింది. కాని ఆ ఒంట్లో రెండో విడత తట్టుకునే సత్తువ లేదు. మద్రాసుకి ఫోను చేసి మాట్లాడారు. వద్దన్నారు. ఎప్పటికి ఇస్తారని దొడ్డమ్మ అడిగింది. ఇవ్వరమ్మా అన్నాడు డాక్టరు.

పెదనాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. 

"కార్జంలో తగ్గిందన్నారుగా?"

"తగ్గింది పెదనాన్నా."

"అయితే మందు మంచిదే." నా వైపు తిరిగి, "నల్లగా పడితే రమ్మని ఒక్క ముక్క చెప్పుంటే వచ్చేవాణ్ణి కదే పిల్లా. నడిచైనా వచ్చేవాణ్ణి" అన్నాడు.

ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన ఎత్తకపోయినా నేను ఎత్తుతాను. ఆసుపత్రుల్లో మంచంకోడు దగ్గర నిలబడే అయ్యలకి చెప్తున్నాను. మాకు తెలిసినదానితో పోల్చి చెప్పినంత మాత్రాన మాకు చెప్పినట్టు కాదు. ఏ రంగు కనిపిస్తే పరిగెత్తాలో రంగు పేరు పెట్టి చెప్పండి. పొలాల్లోకి చెంబు పట్టుకెళ్ళే మనుషులం. మాది మేం తప్ప ఇంకెవరూ చూడరు.

ఇంటికి తెచ్చాక ఆయన ఒక పని చేశాడు. ముఠా అంతట్నీ పిలిపించాడు. నులక మంచం మీద దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. గొంతు అప్పటికే సన్నబడిపోయింది.

"అడగండ్రా" అన్నాడు.

 ఒకడు నేల చూపులు చూశాడు.

"మా నాయన పెట్టిన కట్టడి నేనే తీసేస్తున్నా. చెట్టుకి నోరు లేదు కాబట్టి దాన్ని అడక్కపోయినా సరిపోయింది. నాకుందిగా? ఎలా ఉంది మేస్త్రీ అని అడుగు. నువ్వు, నువ్వడుగు."

అతను ఏడుస్తూ అడిగాడు, "ఎలా ఉంది మేస్త్రీ?"

"బాలేదురా" అన్నాడు పెదనాన్న.

ఆ రోజు నుంచి వచ్చినవాళ్ళందరూ అడిగారు. ఆయన అందరికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇవాళ ఇక్కడ నొప్పి, ఇవాళ నీళ్ళు కూడా దిగలేదు, ఇవాళ కళ్ళు పచ్చబడ్డాయంట చూడండి అని. అడిగించుకోవడం కోసమే ఓపిక దాచుకునేవాడు. ఇంట్లో ఆ నిశ్శబ్దం పోయింది. కానీ ఆయన మాట్లాడుతుంటే దొడ్డమ్మ పెరట్లోకి వెళ్ళి, ఎండిపోయిన గిన్నెల్నే మళ్ళీ తోముతూ కూర్చునేది. పొట్ట ఉబ్బింది, కాళ్ళకి నీరొచ్చింది. ఒంట్లో మిగతాదంతా కరిగిపోయింది. పూత వచ్చేసరికి మంచం మీద గుడ్డ పరిచినట్టు ఉన్నాడు. ఆ తెల్లవారుజామున నేను పనికి బయల్దేరుతుంటే, "మసి పడుతోందా?" అన్నాడు. పడుతోందన్నాను. "ఆకు కిందనుంచి కొట్టండి" అన్నాడు. నాతో ఆయన చివరి మాట అది.

పన్నెండో రోజు అయ్యాక మర్నాడు, వాకిట్లో పందిరి విప్పుతుంటే, దంపతులిద్దరు రోడ్డు మీద బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. చింతలపూడి అవతల ఏదో ఊరట. ఆయనకి నలభై ఏళ్ళుండొచ్చు, తుండుగుడ్డ కింద మొహం ఎముకలు కనిపిస్తున్నాయి.

"మేస్త్రిగారిల్లు ఇదేనాండి?" అందావిడ. "మద్రాసులో కార్జానికే మందు పెట్టించుకొచ్చారంట కదా. మా ఆయనకీ అదే వచ్చిందండి. అక్కడికే వెళ్ళమంటున్నారు. ఎలా ఉంటుందో ఒకసారి ఆయన్నడిగి వెళ్దామని వచ్చామండి."

దొడ్డమ్మ పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయింది.  విప్పుతున్న పందిరి చూసి, ఆవిడే నెమ్మదిగా అర్థం చేసుకుంది. భర్త చెయ్యి పట్టుకుంది.

"కూర్చోండి" అన్నాను. దొడ్డమ్మ మజ్జిగ తెచ్చింది. నేను అంతా చెప్పాను. గొట్టం, టీవీలో చెట్టు, వాంతులు, తగ్గిన మచ్చలు, నల్లటి తారు, పొంగలి. ఏదీ దాచలేదు. వచ్చినాయన వింటూ మజ్జిగ గ్లాసు చేతిలోనే పెట్టుకున్నాడు, తాగలేదు.

"అయితే మమ్మల్ని వెళ్ళమంటారా, వద్దంటారా?" అన్నాడు చివరికి.

"వెళ్ళండి. మందు మంచిదని మా పెదనాన్నే అన్నాడు. కాని దేని గురించైనా అలాంటిదే అంటే ఊరుకోకండి. ఎలాంటిది కాదో కూడా చెప్పమనండి. మీ ఒంట్లోంచి వచ్చేది ఏ రంగులో ఉందో రోజూ చూసుకోండి. నల్లగా కనిపిస్తే ఆ పూటే బస్సెక్కండి. మీరు చూసుకోకపోతే ఈవిడ చూడాలి."

ఆవిడ భర్త చేతిలో గ్లాసు తీసి కింద పెట్టింది. 

బస్సుకి టైమవుతోందని లేచారు. రోడ్డు దాకా నేనూ వెళ్ళాను. రెండు పక్కలా తోటలు పూతతో బరువుగా ఉన్నాయి, మా ముఠావాళ్ళు కొట్టిన మందు వాసన గాలిలో ఉంది. బస్సు రాకముందు ఆయన కడుపు పట్టుకుని, ఇప్పుడే వస్తానని కాలవ గట్టు దిగి తుమ్మపొద చాటుకి వెళ్ళాడు. ఆవిడ సంచి పట్టుకుని నిలబడింది. ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుని రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. దూరాన బస్సు హారను వినిపించింది.

ఆవిడ సంచి నా చేతికిచ్చింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గట్టు దిగి, తనే ఆ పొద చాటుకి నడిచింది. వంగి చూసింది. బస్సు వచ్చి ఆగింది, కండక్టరు రేకు మీద చేత్తో కొడుతున్నాడు. ఆవిడ ఇంకా అలాగే వంగి ఉంది.